ముందు ప్లగ్గు తీయాలంటే వెనుక ప్లగ్గు సంగతి తెలియాలి

ప్రశ్న: అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, ఆస్టిన్ దగ్గర ఉంటున్నాను. కొన్నేళ్ళుగా మా ఇంటి గ్యారేజీలో వాన్స్ కంపెనీ కిట్‌తో ఆర్‌వీ-7 విమానం కట్టుకుంటున్నాను. రెక్కలు, తోక, బాడీ పూర్తయి, పని ఇంజిన్ దగ్గరికి వచ్చింది. ఓవర్‌హాల్ చేసిన లైకమింగ్ ఓ-360-ఏ1ఏ ఇంజిన్ ఒకటి కొన్నాను. ఇది ఇంతకుముందు ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్‌తో, అంటే బ్లేడ్ల కోణం మారని ప్రొపెల్లర్‌తో ఎగిరిందట. నేను మాత్రం హార్ట్‌జెల్ వారి కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్, అంటే ఎగురుతుండగా బ్లేడ్ల కోణం (పిచ్) మారేది, బిగించదలచుకున్నాను. అందుకు ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజిన్ ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ ముందు భాగంలో ఉన్న ప్లగ్గు తీసెయ్యాలనీ, మధ్యలో రంధ్రం వేసి, స్క్రూ బిగించి లాగితే పది నిమిషాల్లో వచ్చేస్తుందనీ ఒక మిత్రుడు చెబుతున్నారు. రంధ్రం వేస్తే ఇనుప రజను లోపల పడుతుందేమోనని నాకు భయంగా ఉంది. ఈ పని నేను సొంతంగా చేసుకోవచ్చా? ప్లగ్గు తీసేస్తే సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా?

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు, చేసుకోవచ్చు. రెండో ప్రశ్నకు జవాబు, సరిపోదు. మీ మిత్రుడు చెప్పిన పద్ధతిలో పెద్ద తప్పేమీ లేదు, చాలామంది అలాగే తీస్తారు. అయితే ఆయన ముందు ప్లగ్గు గురించే చెప్పారు. అదే క్రాంక్‌షాఫ్ట్‌లో కొంత లోపలికి రెండో ప్లగ్గు ఒకటి ఉంటుంది. ఈ రెండూ జంటగా పనిచేస్తాయి కాబట్టి ఒకదాని స్థితి మారిస్తే రెండోదాని స్థితి కూడా మారాలి. ఇది తెలియకుండా ముందుది మాత్రమే తీసి ప్రొపెల్లర్ బిగించినవారు, ఇంజిన్ మొదటిసారి నడిపిన రోజున ప్రొపెల్లర్ పిచ్ ఎందుకు మారడం లేదో అర్థంకాక, అన్నీ విప్పి మొదటికి రావలసి వస్తుంది.

ఈ జంట ఎందుకుందో తెలిస్తే తక్కిన పని సులభంగా అర్థమవుతుంది. మీ ఇంజిన్ 2700 ఆర్‌పీఎం దగ్గర 180 హార్స్‌పవర్ ఇచ్చే నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఇందులో ఏ1ఏ రకానికి క్రాంక్‌షాఫ్ట్ ముందు భాగం బోలుగా ఉంటుంది. ప్రొపెల్లర్ బిగించే ఫ్లాంజ్ దగ్గర మొదలయ్యే ఈ బోలు భాగంలోకి, ముందు మెయిన్ బేరింగ్ దగ్గరున్న రంధ్రాల గుండా ఆయిల్ వస్తుంది. కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ ఉన్నప్పుడు ఇంజిన్ వెనుక బిగించిన గవర్నర్ అనే పరికరం, మామూలుగా 60 నుంచి 90 పీఎస్‌ఐ మధ్య ఉండే ఇంజిన్ ఆయిల్ ఒత్తిడిని కొన్ని రెట్లు పెంచి, బయటినుంచి వెళ్ళే ఒక స్టీలు గొట్టం ద్వారా ముందు బేరింగ్‌కు పంపుతుంది. అక్కడి నుంచి ఆయిల్ క్రాంక్‌షాఫ్ట్ బోలులోకి, అందులోంచి ప్రొపెల్లర్ హబ్‌లోకి (బ్లేడ్లు అమరే మధ్య భాగంలోకి) చేరి, పిస్టన్‌ను నెట్టి బ్లేడ్ల కోణం పెంచుతుంది. ఆయిల్ హబ్‌లోకి పోవాలంటే ముందు ప్లగ్గు ఉండకూడదు. ఆ ఆయిల్ వెనక్కి జారి క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ పెట్టెలోకి) కారిపోకుండా ఉండాలంటే వెనుక ప్లగ్గు రంధ్రం లేకుండా, గట్టిగా కూర్చుని ఉండాలి.

ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్ ఉన్నప్పుడు ఇదంతా తలకిందులవుతుంది. గవర్నర్ లేకపోయినా ముందు బేరింగ్‌కు వచ్చే ఆయిల్ అవే రంధ్రాల గుండా బోలులోకి ఊరుతూనే ఉంటుంది. అది బయటికి రాకుండా ముందు ప్లగ్గు అడ్డుపడుతుంది. లోపల చేరిన ఆయిల్ మళ్ళీ క్రాంక్‌కేసులోకి పోవడానికి వెనుక ప్లగ్గుకు రంధ్రం పొడుస్తారు, లేదా దాన్ని పూర్తిగా తీసేస్తారు. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. మీ సందర్భం దీనికి ఎదురు దిశలో ఉన్నా, ఇది చదివే ఇతరుల కోసం చెప్పక తప్పదు. కాన్‌స్టంట్ స్పీడ్ నుంచి ఫిక్స్‌డ్ పిచ్‌కు మారేవారు ముందు ప్లగ్గు కొట్టి, వెనుకదానికి రంధ్రం పొడవడం మరచిపోతే, రెండు ప్లగ్గుల మధ్య ఆయిల్ ఒత్తిడి చేరి ముందు ప్లగ్గును బయటికి తన్నేస్తుంది. గాలిలో ఇది జరిగితే ఇంజిన్‌లోని ఆయిల్ ఫ్లాంజ్ దగ్గర నుంచి బయటికి చిమ్మి, అద్దం మీద పరుచుకుని, ఎదుట ఏమీ కనపడని స్థితిలో, ఆయిల్ లేని ఇంజిన్‌తో పైలట్ దిగవలసి వస్తుంది. లైకమింగ్ కంపెనీ ఈ మార్పిడి పద్ధతిని సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1435లో వివరించింది. పని మొదలుపెట్టే ముందు దాని తాజా ప్రతిని తెచ్చుకుని, చదివి, బల్ల మీద ఎదురుగా పెట్టుకోండి. నేను రాసేది దాన్ని అర్థం చేసుకోవడానికి తోడుగా ఉండాలే తప్ప దాని స్థానంలో వాడకూడదు.

ఏ1ఏ ఇంజిన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేది కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ కోసమే. మీది ఫిక్స్‌డ్ పిచ్‌తో ఎగిరిందంటే మధ్యలో ఎవరో మార్చారన్నమాట. అంటే వెనుక ప్లగ్గుకు రంధ్రం ఉండాలి, లేదా ప్లగ్గే ఉండకూడదు. ఉండాలి అంటున్నానే గాని ఉంది అనడం లేదు. ఓవర్‌హాల్ చేసేటప్పుడు క్రాంక్‌షాఫ్ట్ శుభ్రం చేయడానికి రెండు ప్లగ్గులూ తీస్తారు గనుక, తిరిగి ఏవి ఎలా పెట్టారన్నది ఆ షాపువారి వర్క్ ఆర్డర్‌లో ఉండే అవకాశం ఎక్కువ. ముందు వారికి ఫోన్ చేసి ఇంజిన్ సీరియల్ నంబరు చెప్పి అడగండి. క్రాంక్‌షాఫ్ట్ పార్ట్ నంబరు కూడా అడిగి రాసుకోండి. నేమ్‌ప్లేటు మీద ఏ1ఏ అని ఉన్నంత మాత్రాన లోపల అసలు క్రాంక్‌షాఫ్టే ఉందని అనుకోవడానికి లేదు. ఓ-360-ఏ4ఎం వంటి రకాలకు క్రాంక్‌షాఫ్ట్ బోలుగా ఉండదు, వాటిలో గవర్నర్ ఆయిల్ వెళ్ళే దారే లేదు. మీకు ఫ్లాంజ్ మధ్యలో ప్లగ్గు కనిపిస్తోంది కాబట్టి ఆ భయం లేదనుకుంటాను, అయినా కాగితం మీద ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఇక ప్లగ్గు తీయడం. ముందు ప్రతి సిలిండర్ నుంచి ఒక స్పార్క్ ప్లగ్గు తీసేసి, స్పార్క్ ప్లగ్గులకు కరెంటిచ్చే మాగ్నెటోల పీ-లీడ్లు (వాటిని ఆపే తీగలు) గ్రౌండ్ చేసి ఉన్నాయో లేదో చూసుకోండి. ప్రొపెల్లర్ లేకపోయినా ఫ్లాంజ్ పట్టుకుని తిప్పే అవసరం వస్తుంది, అప్పుడు మాగ్నెటో నిప్పు పడితే చేతికి దెబ్బ తగులుతుంది. ఫ్లాంజ్ కింద వెడల్పాటి పళ్ళెం పెట్టండి. ప్లగ్గు కదిలిన క్షణంలో లోపల నిలిచిన ఆయిల్ బయటికి వస్తుంది.

ప్లగ్గు పల్చటి ఉక్కు రేకుతో, చిన్న మూకుడులా కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. బిగించేటప్పుడు ఆ ఉబ్బును సుత్తితో అణచడం వల్ల అంచులు సాగి గోడకు ఒత్తుకుని కూర్చుంటాయి. తీసేటప్పుడు మధ్యలో రంధ్రం చేసి లాగితే ఆ అంచులు గోడను వదులుతాయి. రంధ్రం రెండు విధాలుగా చేయవచ్చు. మొన తేలిన గట్టి పంచ్‌తో సరిగ్గా మధ్యలో పొడవడం ఒకటి, డ్రిల్‌తో వేయడం రెండోది. మీ భయం రజను గురించే కాబట్టి నేను పొడవమనే చెబుతాను. పొడిస్తే రేకు లోపలికి వంగి చీలుతుంది, రజను దాదాపు రాలదు. దెబ్బ మాత్రం మధ్యలోనే పడాలి, పంచ్ జారి పక్క గోడకు తగలకూడదు. ఒకవేళ డ్రిల్ వాడితే, ఎక్కువ లోతుకు దిగకుండా బిట్ మీద స్టాపర్ గానీ మందంగా చుట్టిన టేపు గానీ ఉంచి, మొనకు దట్టంగా గ్రీజు పూసి, నెమ్మదిగా, కొద్దికొద్దిగా, ప్రతిసారీ బిట్ బయటికి తీసి తుడిచి మళ్ళీ గ్రీజు పూస్తూ వేయండి. రజను చాలావరకు గ్రీజుకు అంటుకుని బయటికి వస్తుంది. రంధ్రం తెరుచుకోబోయే చివరి క్షణాల్లో చేతి ఒత్తిడి బాగా తగ్గించాలి, లోపలికి రజను పడేది అప్పుడే.

తర్వాత ఆ రంధ్రంలోకి షీట్ మెటల్ స్క్రూ బిగించి, దానికి స్లైడ్ హ్యామర్ (కడ్డీ మీద జారే బరువుతో వెనక్కి లాగే పనిముట్టు) తగిలించి, చిన్న చిన్న దెబ్బలతో లాగండి. ఒకే పెద్ద దెబ్బతో తేల్చెయ్యాలన్న ఆత్రం వద్దు. ఆ దెబ్బల బలమంతా క్రాంక్‌షాఫ్ట్ గుండా ఇంజిన్ లోపలి థ్రస్ట్ ఉపరితలాల మీద పడుతుంది. స్క్రూడ్రైవర్ దోపి మీటడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. మీటితే ఆనేది ఫ్లాంజ్ ముందుకు పొడుచుకు వచ్చిన గుండ్రని అంచు మీదే. ప్రొపెల్లర్ హబ్‌లోని ఓ-రింగ్ ఆయిల్ కారకుండా ఆపేది ఆ అంచు దగ్గరే, అక్కడ పడిన చిన్న నొక్కు కూడా ఆ తర్వాత ప్రతి ఫ్లైట్‌లో అద్దం మీద ఆయిల్ చుక్కలై కనిపిస్తుంది. లోపలి గోడ మీద పడిన గీత అంతకంటే చెడ్డది. ప్రొపెల్లర్ బరువూ, అదురూ మోసే ఉక్కులో పగులు మొదలయ్యేది అటువంటి గీత దగ్గరే.

ప్లగ్గు బయటికి వచ్చాక చాలామంది ఊపిరి పీల్చుకుని ప్రొపెల్లర్ కోసం చేయి చాస్తారు. నా దృష్టిలో అసలు పని అప్పుడే మొదలవుతుంది. టార్చి వేసి లోపలికి చూడండి. గోడకు బూడిద, నలుపు కలిసిన చిక్కటి మడ్డి పట్టి ఉండవచ్చు. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలులోని సీసం ఆయిల్‌లో చేరి, తిరిగే షాఫ్ట్ విసురుకు బయటి గోడకు కొట్టుకుని అలా పేరుకుంటుంది. ఈ మడ్డిని పోగులు రాలని గుడ్డతో, సాల్వెంట్‌తో, లోపలి నుంచి బయటికి తుడుస్తూ తీయండి. కంప్రెసర్ గాలి కొట్టవద్దు, అది మడ్డినీ రజనునూ కలిపి బేరింగ్ రంధ్రాల్లోకి తోస్తుంది. ఒక్క రజను ముక్క అటు వెళితే ముందు బేరింగ్‌ను గీస్తుంది, ఇటు వెళితే ప్రొపెల్లర్ హబ్‌లోకి చేరుతుంది. చివరగా పొడుగాటి కాడకు అయస్కాంతం కట్టి లోపలంతా ఒకసారి తిప్పి, గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా తుడవండి.

గోడ శుభ్రపడ్డాక బోరోస్కోప్‌తో (సన్నటి గొట్టం చివర ఉండే కెమెరాతో) దాన్ని అంగుళం అంగుళం చూడండి. మీరు వెతకవలసింది తుప్పు గుంటల కోసం. ఫిక్స్‌డ్ పిచ్‌తో నడిచిన బోలు క్రాంక్‌షాఫ్టుల్లో ఇది పేరుపడిన సమస్య. లోపలి గోడకు తేమ, మడ్డి పట్టి తుప్పు గుంటలు పడితే, ఆ గుంట దగ్గర పగులు మొదలై క్రమంగా పెరిగి, చివరికి క్రాంక్‌షాఫ్ట్ విరిగి ప్రొపెల్లర్ ఊడిపోయే ప్రమాదం ఉంది. ఇందుకోసమే లైకమింగ్ సర్వీస్ బులెటిన్ 505 ఇచ్చింది, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1998లో 98-02-08 నంబరుతో ఎయిర్‌వర్దీనెస్ ఆదేశం (విమాన భద్రత కోసం తప్పనిసరిగా పాటించవలసిన ఆదేశం) జారీ చేసింది. ఆ పత్రాల ప్రకారం లోపలి గోడను పరీక్షించి, బాగున్న గోడకు యూరెథాబాండ్ 104 అనే పూత వేస్తారు. సొంతంగా కట్టుకున్న ఎక్స్‌పెరిమెంటల్ విమానాలకు ఇటువంటి ఆదేశాలు చట్టప్రకారం వర్తిస్తాయా లేదా అని కట్టేవారి మధ్య ఎడతెగని వాదన ఒకటి ఉంది. ఆ వాదనలోకి నేను వెళ్ళను. ఆదేశం పుట్టడానికి కారణమైన తుప్పు మీ ఇంజిన్‌కూ పట్టగలదు, విమానం నడిపేది మీరే, పక్క సీటులో కూర్చునేది మీ ఇంటివారే. వర్తిస్తుందనుకునే పరీక్షించండి.

గుంట కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. ఎమెరీ కాగితంతో రుద్ది నున్నగా చేద్దామన్న ఆలోచన రానివ్వకండి. ఫోటోలు తీసి, ఓవర్‌హాల్ చేసిన షాపుకు గానీ, క్రాంక్‌షాఫ్టులు పరీక్షించే ప్రత్యేక షాపుకు గానీ పంపి, వారి నిర్ణయం వచ్చేదాకా వేచి ఉండండి. ఇటీవల ఓవర్‌హాల్ అయిన ఇంజిన్‌లో గుంట కనిపిస్తే అది షాపువారితో గట్టిగా మాట్లాడవలసిన విషయం కూడా. లోపల రంగుపూత కనిపిస్తే, కాన్‌స్టంట్ స్పీడ్‌కు మార్చే ముందు దాన్ని అలాగే ఉంచాలా అన్నది కూడా వారినే అడగండి.

బోరోస్కోప్ లోపలే ఉండగా వెనుక ప్లగ్గును చూడండి. మధ్యలో పొడిచిన రంధ్రం, అంటే ఒక అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా ఉన్న చిల్లు కనిపిస్తే, ఆ ప్లగ్గు తీసి కొత్తది, రంధ్రం లేనిది వేయాలి. అసలు ప్లగ్గే లేకపోతే కొత్తది వేయాలి. ఏ రంధ్రమూ లేని ప్లగ్గు కనిపిస్తే, ఇంజిన్ అలా ఎగిరిందా లేక ఓవర్‌హాల్‌లో పెట్టారా అన్నది తేల్చుకున్న తర్వాతే దాన్ని నమ్మండి. పాత రంధ్రాన్ని సీలెంట్‌తోనో, రివెట్‌తోనో మూసే ప్రయత్నం చేయవద్దు. గవర్నర్ ఒత్తిడికి అది నిలవదు. నిలవకపోతే ఊడిన ముక్క ఇంజిన్‌లోకే పోతుంది.

కొత్త వెనుక ప్లగ్గు వేయడం మాత్రం తీయడమంత సులభం కాదు. పొడుగాటి బోలులో, కళ్ళకు సరిగా కనపడని చోట, సరైన కొలత గల డ్రిఫ్ట్‌తో (సుత్తి దెబ్బను అందించే కడ్డీతో) ప్లగ్గును నేరుగా కూర్చోబెట్టి, ఉబ్బును చెప్పినంత మేరకే అణచాలి. తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే ప్లగ్గు లోపలికి వంగి పట్టు వదులుతుంది. ఇంజిన్ స్టాండ్ మీద నిలబెట్టి, ఫ్లాంజ్ పైకి వచ్చేలా తిప్పుకోగలిగితే పని కొంత తేలికవుతుంది. మీ దగ్గర సరైన డ్రిఫ్ట్ లేకపోతే ఈ ఒక్క అంచెకు ఇంజిన్ షాపువారిని పిలవండి. మిగతా పనంతా సొంతంగా చేసుకున్న మనిషికి ఇందులో చిన్నతనమేమీ లేదు. అమెరికాలో ఇటువంటి విమానాలపై పని చేయడానికి లైసెన్సు అక్కర్లేదు, కట్టినవారు రిపేర్‌మన్ సర్టిఫికెట్ తీసుకుంటే ఏటేటా కండిషన్ ఇన్‌స్పెక్షన్ కూడా తామే చేసుకోవచ్చు. చట్టం అనుమతించింది కాబట్టి ప్రతి పనీ సొంతంగానే చేయాలన్న నియమం మాత్రం లేదు.

గవర్నర్ వైపు కూడా ఇదే సమయంలో చూసుకోండి. ఇంజిన్ వెనుక గవర్నర్ ప్యాడ్ మీద మూత పలక ఉంటే దాన్ని విప్పి, గవర్నర్‌ను తిప్పే డ్రైవ్ లోపల ఉందో లేదో చూడండి. ఫిక్స్‌డ్ పిచ్‌కు మార్చినప్పుడు కొన్ని భాగాలు తీసి పక్కన పెట్టేసి ఉంటారు. ముందు బేరింగ్ దగ్గర ఆయిల్ గొట్టం తగిలే రంధ్రానికి బిరడా వేసి ఉంటుంది, దాన్ని తీసి సరైన ఫిట్టింగ్ వేయాలి. ఆ గొట్టానికి అల్యూమినియం ఫిట్టింగులు వాడవద్దు, స్టీలువే వాడండి. అల్యూమినియం ఫిట్టింగులు విరిగి ఆయిల్ పోవడం వల్లనే వీటి మీద 90-04-06 అనే మరో ఆదేశం వచ్చింది. గొట్టం అదిరిపోకుండా మధ్యలో క్లాంపులతో ఆధారం కూడా ఇవ్వాలి. గవర్నర్ కింద వేసే గ్యాస్కెట్‌కు జల్లెడ ఉంటుంది, దాని ముఖం ఎటు ఉండాలో మాన్యువల్‌లో చూసి మరీ వేయండి.

చేసిన ప్రతి పనీ తేదీతో ఇంజిన్ లాగ్‌బుక్‌లో రాయండి: ముందు ప్లగ్గు తీసివేత, లోపలి గోడ పరీక్ష ఫలితం, వెనుక ప్లగ్గు మార్పు, అనుసరించిన పత్రం నంబరు. బోరోస్కోప్ ఫోటోలు కూడా దాచుకోండి. ప్రొపెల్లర్ బిగించాక లోపలేముందో ఎవరూ చూడలేరు. రేపు మీరు ఈ విమానం అమ్మినా, మళ్ళీ ఫిక్స్‌డ్ పిచ్‌కు మార్చినా, ఆ రాతే దిక్కు. ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్ ఇచ్చే ముందు తనిఖీకి వచ్చే అధికారి ఇంజిన్, ప్రొపెల్లర్ జంట గురించి అడిగినప్పుడు కూడా ఈ రాత పనికివస్తుంది. సర్టిఫై అయిన జంట అయితే మొదటి దశ పరీక్షా ఫ్లైట్లకు 25 గంటలు, కాకపోతే 40 గంటలు విధించడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ.

మొదటిసారి ఇంజిన్ నడిపే రోజున, ముందుగా ఆయిల్ ఒత్తిడి వచ్చేలా స్పార్క్ ప్లగ్గులు తీసి స్టార్టర్‌తో తిప్పండి. ఇంజిన్ వేడెక్కాక 1700, 1800 ఆర్‌పీఎం దగ్గర ప్రొపెల్లర్ లీవర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగి, ఆర్‌పీఎం పడిపోతున్నదని చూసి మళ్ళీ ముందుకు తోయండి. హబ్‌లో గాలి ఉంటుంది కాబట్టి మొదటి ఒకటి రెండు సార్లు కదలిక ఆలస్యంగా వస్తుంది. తర్వాత వెంటవెంటనే రావాలి. అప్పటికీ రాకపోతే, లేదా ఇంజిన్ వేడెక్కేకొద్దీ కదలిక మందగిస్తూ ఉంటే, ఆయిల్ హబ్‌కు సరిగా చేరడం లేదని, లేదా ఎక్కడో వెనక్కి కారుతోందని అర్థం. అలా కనిపిస్తే ఎక్కువసేపు నడపకుండా ఇంజిన్ ఆపేయండి. గ్యాస్కెట్ తిరగబడిందా, గొట్టం దారిలో పాత బిరడా ఏదైనా ఉండిపోయిందా అని ముందు చూసి, అవి బాగుంటే ప్రొపెల్లర్ దించి వెనుక ప్లగ్గును మళ్ళీ పరిశీలించండి. పిచ్ సరిగ్గా మారుతున్నా సరే, ఇంజిన్ ఆపాక స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యనుండే శంఖం ఆకారపు మూత) తీసి, హబ్‌కూ ఫ్లాంజ్‌కూ మధ్య చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి ఆయిల్ తడి ఉందేమో చూసిన తర్వాతే కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే మూత) మూయండి.